ఎదురుగా చెబుదామనుకున్న మాట

మా కొండల్లోని అట్‌బాషీ ఊళ్లో పెద్దకొడుక్కి పెళ్లయి తొలిచూలు బిడ్డ పుడితే ఆ బిడ్డ కన్నవాళ్లది కాదు. ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు, ఎవరూ కాదనడానికి తెగించిన సంగతీ కాదు. నలభై రోజులు నిండగానే నాయనమ్మ చేతులు చాస్తుంది, కోడలు అందిస్తుంది. పాలకోసం బిడ్డ తల్లి దగ్గరికి వచ్చిపోతూ ఉంటుంది గానీ నిద్ర మాత్రం నాయనమ్మ పక్కలోనే. మాటలొచ్చాక నాయనమ్మను అమ్మా అంటుంది. కన్నతండ్రిని అన్నా అంటుంది. కన్నతల్లిని వదినా అంటుంది. ముసలివాళ్ల ఇల్లు బోసిపోకుండా పెద్దలు చేసిన మంచి ఏర్పాటని మాలో నూటికి తొంభై మంది అంటారు. మిగతా పదిమందీ కోడళ్లు. వాళ్లనెవరు అడిగారు.

సాల్కిన్ అలా పెరిగిన పిల్లే. కన్నది బురుల్, పెంచింది బురుల్ అత్తగారు ఉల్కాన్. ఇందులో దాపరికమేమీ లేదు. ఊళ్లో అందరికీ తెలుసు, సాల్కిన్‌కీ ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. తెలిసినంత మాత్రాన పిలుపు మారదు. ఆమె తర్వాత బురుల్‌కి ఇద్దరు మగపిల్లలు పుట్టారు. వాళ్లు తల్లి దగ్గరే పెరిగారు, రోజుకి వందసార్లు అమ్మా అన్నారు. అదే వాకిట్లో నిలబడి సాల్కిన్ ఆ మనిషినే వదినా అని పిలిచేది.

దీని మీద ఇంకో ముడి ఉంది. మా కోడళ్లు అత్తింటివాళ్ల పేర్లు నోట పలకరు. మామగారివి, బావగార్లవి సరే, మరుదులవీ ఆడపడుచులవీ కూడా పలకకూడదు. లెక్కప్రకారం సాల్కిన్ ఆ ఇంటి ఆఖరి ఆడపడుచు. అందుకని బురుల్ తన కడుపున పుట్టిన పిల్లని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. 'చిన్నపిల్లా' అనేది. పైగా సాల్కిన్ అంటే మా భాషలో చల్లదనం. ఆ మాట ఎక్కడ వచ్చినా చుట్టుతిరిగి పోవాల్సిందే. గుర్రపు పాలు పులియబెట్టిన గిన్నె ముందు పెట్టుకుని ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమెను ఆటపట్టించేవాళ్లు.

"బురుల్, పాలు ఎలా ఉన్నాయే? వేడిగా ఉన్నాయా?"

"వేడిగా లేవు."

"వేడిగా లేకపోతే మరెలా ఉన్నాయి?"

"తాగేలా ఉన్నాయి. తాగు."

అందరూ పగలబడి నవ్వేవాళ్లు. ఉల్కాన్ కూడా నవ్వేది, నా కోడలు నోరు జారదని గర్వంగా. ఉల్కాన్ చెడ్డది కాదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత ఎవరూ ఆమెను ఆడిపోసుకోకుండా. ఆమెకూ ఒకప్పుడు అత్తగారు ఉండేది. ఆమె తొలిచూలు బిడ్డనీ ఎవరో చేతులు చాచి తీసుకున్నారు.

సాల్కిన్‌కి హంగరీ దేశంలో, దెబ్రెసెన్ అనే ఊళ్లో, దేశదేశాల పిల్లలు చదివే యూనివర్సిటీలో సీటు వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. చదువు ఫీజు, హాస్టలు అన్నీ ఆ దేశంవాళ్లే పెట్టుకుంటారు. చదివేది పాల శాస్త్రం.

"పాల గురించి నేర్చుకోడానికి యూరప్ దాకా పోవాలా?" అంది ఉల్కాన్. "మీ వదిన నేర్పదా?"

"పితకడం కాదమ్మా. పాలల్లో ఉండే సూక్ష్మక్రిముల గురించి."

"మన పాలల్లో క్రిములేంటే. ఛీ, ఎవరైనా వింటే కొనరు."

ఎసెన్ నవ్వాడు. ఎసెన్ అంటే సాల్కిన్ కన్నతండ్రి, ఆమె పిలుపులో అన్న. పెద్దావిడ మాటకు అడ్డు చెప్పే మనిషి కాదు. పిల్ల ముఖం మాడ్చుకుని కూర్చుంది. అప్పుడు మూలన టీ పోస్తున్న బురుల్ కెటిల్ కింద పెట్టింది.

"వెళ్లనివ్వండి అత్తమ్మా," అంది. "వేళ్లు వాచిపోకుండా బతికే ఆడది మన ఇంట్లో ఒక్కతైనా ఉండనివ్వండి."

పెళ్లయిన ఇరవై ఏళ్లలో బురుల్ అత్తగారికి ఎదురు చెప్పడం అదే మొదలు. ఉల్కాన్ కోడలి చేతులకేసి చూసింది. గుర్రాల పాలు పితికీ పితికీ ఆ కణుపులు అల్లంకొమ్ముల్లా ఉన్నాయి.

"కోడలికి నోరొచ్చిందిరోయ్," అంది చివరికి. "సరే, పోనీ. పిల్ల కోసం వచ్చిన నోరే కదా."

దెబ్రెసెన్‌లో మొదటి వారం సాల్కిన్‌కి గుర్తున్నది చదువు కాదు, చదును. ఆ ఊరి చుట్టూ ఎక్కడా కొండ లేదు. ఎటు చూసినా నేల అలా సాగిపోతూనే ఉంటుంది, కంటికి ఆనుకోవడానికి గోడలేని ఇంట్లో ఉన్నట్టు ఉండేది. పసుపురంగు ట్రాములో స్టేషన్ నుంచి అడవిదాకా, అడవిలోంచి యూనివర్సిటీ దాకా వెళ్లేది. క్లాసులో ఘనా కుర్రాడు, వియత్నాం అమ్మాయిలు, జోర్డాన్ అన్నదమ్ములు. అందరూ ఎవరికి వచ్చిన ఇంగ్లీషు వాళ్లు మాట్లాడతారు, అందరికీ సగం అర్థమవుతుంది. ఆ సగంతోనే స్నేహాలు కుదిరిపోతాయి. సంతలో నూనెలో వేయించిన రొట్టె మీద వెల్లుల్లి పూసి ఇస్తే తిని, ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, వీళ్లకీ మనలాగే రొట్టెలు వేయించడం వచ్చు," అని చెప్పింది. "పాపం, నేర్చుకుంటున్నారులే," అంది ఉల్కాన్.

రెండో వారంలో యూనివర్సిటీ ఆఫీసుకి పిలిచారు. కంప్యూటర్ ముందు ఒక నడివయసు ఆవిడ. పుట్టినతేదీ సర్టిఫికెట్టు చూసి చదువుతూ, ఆవులింత ఆపుకుంటూ అడిగింది.

"మీ అమ్మగారి పేరు బురుల్. అంతేనా?"

సాల్కిన్ కాదు అనబోయింది. నాలుక చివరిదాకా వచ్చింది. మా అమ్మ పేరు ఉల్కాన్ అని చెప్పబోయి ఆగింది. కాగితం మీద ఉన్నది నిజమే. ఆ కాగితాన్ని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ గట్టిగా చదవలేదు, అంతే.

"అవును," అంది.

"అత్యవసరమైతే ఆవిడకే ఫోన్ చెయ్యమంటారా?"

"అవును. మా అమ్మకే."

బయటికి వచ్చి అడవిదారిలో ఒక బెంచీమీద కూలబడింది. ఊళ్లో రెండువేల మందికి తెలిసీ ఎవరూ అడగని మాట, ముక్కూమొహం తెలియని మనిషి ఒక్క నిమిషంలో అడిగేసింది.

హాస్టల్ గదిలో ఆమెతో ఉండే పిల్ల పేరు తమ్తా. జార్జియా దేశం. నోరు ఊరుకోదు, మనసు వెన్న. ఆదివారాలు సాల్కిన్ ఇంటికి వీడియో కాల్ చేస్తే తమ్తా మంచం మీద బోర్లా పడుకుని సినిమా చూసినట్టు చూసేది. ఫోనులో ఉల్కాన్ మొహం నిండా ఉండేది, పక్కన మగపిల్లలు తోసుకుంటూ ఉండేవాళ్లు. అంచున ఒక చెయ్యి మాత్రం కనిపించేది, గిన్నెల్లో టీ పోస్తూ.

"ఆ చెయ్యి ఎవరిది?" అని అడిగింది తమ్తా ఒకరోజు.

"మా వదినది."

"టీ ఎప్పుడో అయిపోయింది. అయినా ఆ చెయ్యి అక్కడినుంచి కదలట్లేదు. నువ్వు ఫోన్ పెట్టేదాకా అక్కడే ఉంది."

సాల్కిన్ అంతా చెప్పింది. తమ్తా లేచి కూర్చుంది.

"అయితే అమ్మా అనొచ్చుగా."

"అనకూడదు."

"అంటే ఎవరు కొడతారు?"

"ఎవరూ కొట్టరు. కొడితే బావుండు, ఒక దెబ్బ తిని అనేసేదాన్ని. పెంచిన అమ్మ బతికుండగా ఇంకొకర్ని అమ్మా అంటే, నువ్వు నా అమ్మవి కాదని ఆమె మొహం మీద చెప్పినట్టు. డెబ్భై మూడేళ్ల మనిషి. నా జ్వరాలకి మేలుకున్న మనిషి."

"మరి ఆ చెయ్యి సంగతో?"

సాల్కిన్ ఆరోజునుంచీ ఒక పిచ్చి పని మొదలుపెట్టింది. ట్రాములో కిటికీ పక్కన కూర్చుని, మన భాష వచ్చినవాళ్లు ఎవరూ లేరు కదా అని, మెల్లగా అమ్మా అనేది. ఉల్కాన్‌ని పిలిచినట్టు కాదు. బురుల్ మొహం కళ్లముందు పెట్టుకుని పిలిచేది. మొదట్లో అబద్ధం చెప్పినట్టు ఉండేది. కొన్నాళ్లకి నోటికి పట్టింది. చదువు పూర్తయి ఊరికి వెళ్లాక, వేసవిలో కొండమీది మేతభూముల్లో, ఇంటికి దూరంగా, ఉల్కాన్ వినని చోట, ఒక్కసారి ఎదురుగా అనాలని నిర్ణయించుకుంది. ఒక్కసారి చాలు. మళ్లీ కిందికి దిగాక వదినే. బదులుగా ఆమె నోటినుంచి తన పేరు ఒక్కసారి వినాలి. ఆ రెండు మాటల కోసం ఆ పిల్ల మూడేళ్లు రోజులు లెక్కపెట్టుకుంది. మధ్యలో ఊరికి రాలేదు. వేసవుల్లో జామ్ ఫ్యాక్టరీలో పనికి వెళ్లి టికెట్టుకి కూడబెట్టుకుంటూనే ఉంది.

చివరి ఏడాది ప్రాజెక్టుకి ఆమె ఎంచుకున్నది మా కురుత్. పెరుగులో నీళ్లు పిండేసి, ఉప్పు కలిపి, ఉండలు చేసి ఎండబెట్టేది. అందులో ఏ క్రిములు బతుకుతాయో చూడాలి. బురుల్ ఊరినుంచి సంచీడు పంపింది, ఉన్ని మేజోళ్లలో కుక్కి. లోపల చీటీ ఏమీ లేదు. ఒక్కో ఉండ మీదా వేళ్ల గుర్తులున్నాయి. ల్యాబులో సూక్ష్మదర్శిని కింద పెట్టే ముందు సాల్కిన్ ఆ గుర్తుల్లో తన వేళ్లు పెట్టి చూసుకునేది. అందరూ చేతులకు తొడుగులు వేసుకునే చోట అలా చెయ్యకూడదు. చేసేది.

ఫిబ్రవరిలో ఆమెకు కడుపునొప్పి వచ్చి ఆపరేషన్ అయింది. పెద్దదేమీ కాదు, అపెండిక్స్. ఆస్పత్రివాళ్లు కాగితం ప్రకారం బురుల్‌కి ఫోన్ చేశారు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కూతురి పేరు తప్ప. ఊళ్లో ఇంగ్లీషు వచ్చిన పిల్లాడి చేత ఆస్పత్రికి ఫోన్ చేయించి కనుక్కుంది. రెండో రోజు సాల్కిన్ ఫోన్ మోగింది. వెనకాల ఆవులు నెమరేస్తున్న చప్పుడు. పశువుల కొట్టంలోంచి మాట్లాడుతోంది.

"చిన్నపిల్లా. కోశారంట."

"కొంచెమే వదినా. మూడు కుట్లు."

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"అబద్ధాలాడకు. నీ గొంతు నాకు తెలీదా. ఏదైనా తిన్నావా?"

"సూప్ ఇచ్చారు. ఉప్పు లేదు."

"నేనక్కడుంటే..." అని ఆపేసింది బురుల్. ఆ వాక్యం పూర్తి చేసే హక్కు తనకు లేదన్నట్టు.

గదిలో ఎవరూ లేరు. కొట్టంలోనూ ఎవరూ లేరు. అనేయొచ్చు.

"వదినా, నీకో మాట చెప్పాలి."

"చెప్పు."

ఒక్క క్షణం. అంతే. ఫోనులో కాదు, అనుకుంది ఆ పిల్ల. ఇంత పెద్ద మాట ఆస్పత్రి మంచం మీదినుంచి, ఆవుల మధ్యకి విసిరేసే మాట కాదు. మర్యాదగా, ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూసి చెప్పాలి. మేం మర్యాద తెలిసినవాళ్లం. మా కొంప ఆ మర్యాదే ముంచుతుంది.

"ఇప్పుడు కాదు. జూన్‌లో వస్తాగా. ఎదురుగా చెబుతా."

"సరే, ఎదురుగానే చెప్పు," అంది బురుల్. "నా దగ్గరా ఒకటుంది. నేనూ అప్పుడే చెబుతా. నేనెక్కడికి పోతాను."

మార్చిలో బురుల్‌కి కడుపులో గడ్డ ఉందని తేలింది. రాజధానికి తీసుకెళ్లారు. కోసి చూసి, మళ్లీ కుట్టేసి, ఇంటికి తీసుకెళ్లమన్నారు. పిల్లకి చెప్పొద్దని మొదట అన్నది బురులే. "చదువు చెడుతుంది. ఆఖరి మెట్టు మీద ఉంది." ఆదివారాలు ఫోనులో చెయ్యి కనిపించడం మానేసింది. వదిన ఏదని సాల్కిన్ అడిగితే, పుట్టింటికి వెళ్లిందన్నారు. మే నెలలో అడిగితే ఈసారి ముందుగానే కొండెక్కిందన్నారు. కొండమీద సిగ్నల్ ఉండదు, ఏ ఏడాదీ ఉండదు. సాల్కిన్ నమ్మింది. వినడానికి అన్నీ నిజంలాగే ఉన్నాయి.

జూన్ రెండో తేదీ సాయంత్రం బురుల్ చనిపోయింది. నలభై నాలుగేళ్లు.

చావుకబురు ఒంటరిగా ఉన్న మనిషికి చెప్పకపోవడం మాకు నియమం. పరాయి ఊళ్లో, ఫోనులో, పట్టుకోవడానికి ఒక భుజం లేని చోట అసలు చెప్పకూడదు. సొంత నేలమీద, పెద్దల మధ్య కూర్చోబెట్టి, చెప్పడం తెలిసిన మనిషి చేత చెప్పించాలి. ఊళ్లో ఆ పని మూసా తాతది. ఆయన మాటే అందరూ విన్నారు. "పిల్ల పరీక్ష అయ్యేదాకా ఎవరి నోటా రాకూడదు." ఊరి వాట్సాప్ గ్రూపులో రెండువందల మంది ఉన్నారు. అందులో నోట్లో నువ్వుగింజ నాననివాళ్లు కనీసం యాభై మంది. ఒక్కరూ నోరు విప్పలేదు. తలుచుకుంటే మావాళ్లు రాయిలా ఉండగలరు. అది మంచో చెడో ఇప్పటికీ నాకు తెలియదు.

జూన్ పద్దెనిమిదిన సాల్కిన్ ప్రాజెక్టు మీద మౌఖిక పరీక్ష జరిగింది. బల్ల వెనక నలుగురు ప్రొఫెసర్లు. అన్నీ బాగా చెప్పింది. చివర్లో తెల్లగడ్డం ఆయన నమూనా ఉండ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇవన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. యంత్రంతో చేశారా?"

"కాదు సార్. చేత్తో."

"ఎవరు చేశారు?"

"మా అమ్మ," అంది సాల్కిన్. "ఆమె పేరు బురుల్."

"ఆమెకు మా అభినందనలు చెప్పు," అన్నాడాయన.

చెబుతానంది. అప్పటికి బురుల్ మట్టిలో కలిసి రెండు వారాలు దాటింది. ఆ సాయంత్రం తమ్తాని కౌగిలించుకుని, "నలుగురి ముందూ అనేశాను, ఏమీ కాలేదు, ఆకాశం విరిగి మీదపడలేదు," అని ఆ పిల్ల చిన్నపిల్లలా గెంతింది. నాకు ఈ కథలో అన్నిటికంటే తలుచుకోలేనిది ఆ గెంతే.

విమానం దిగేసరికి ఎసెన్ ఒక్కడే వచ్చాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు. ఊరికి ఏడుగంటల దారి. సాల్కిన్ నోరు మూయలేదు. ప్రొఫెసర్ ఏమన్నాడో, తమ్తా ఎలా ఏడ్చిందో, అంతా చెప్పింది. వదినకు కొన్న చలికోటు చూపించింది.

"వదిన కొండ దిగిందా అన్నా?"

"దిగుతుంది," అన్నాడు ఎసెన్, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

"దిగకపోతే నేనే రేపు ఎక్కుతా. గుర్రం ఇస్తావుగా."

"ఇస్తా."

"ఏంటన్నా, పొడిపొడిగా మాట్లాడుతున్నావు. నేనొచ్చినందుకు సంతోషం లేదా?"

"ఉందమ్మా," అన్నాడు. కనుమ మీద కారు ఆపి, మొహం కడుక్కొస్తానని వాగు దగ్గరికి వెళ్లి చాలాసేపు అక్కడే ఉన్నాడు.

ఊరు వచ్చింది. కారు ఇంటివైపు తిరగలేదు. మూసా తాత ఇంటి గేటు తెరిచే ఉంది, లోపల మగవాళ్లు బారులు తీరి నిలబడి ఉన్నారు. దూరం నుంచి వచ్చినవాళ్లను ముందు పరాయి గడపకు తీసుకెళ్తే దాని అర్థం మా ఊళ్లో పాలుతాగే పిల్లకి తప్ప అందరికీ తెలుసు. సాల్కిన్ చేతిలోని కోటు జారిపోయింది.

"అమ్మా," అని కేక పెట్టింది. "మా అమ్మ. మా అమ్మ పోయింది."

ఆడవాళ్లు వచ్చి రెండువైపులా పట్టుకున్నారు. లోపల కూర్చోబెట్టారు. ఆమె ఏడుస్తున్నది ఉల్కాన్ కోసమని అందరికీ అర్థమైంది. డెబ్భై ఆరేళ్ల మనిషి, ఇంకెవరి గురించి అనుకుంటుంది. మూసా తాత ఎదురుగా కూర్చున్నాడు. ఎన్నో చావుకబుర్లు చెప్పిన మనిషి.

"తల్లీ, విను. పుట్టినదానికి గిట్టడం తప్పదు. రాజుకీ తప్పదు, గొర్రెలకాపరికీ తప్పదు. మీ అమ్మ ఉల్కాన్ బాగానే ఉంది. ఇంట్లోనే ఉంది, నీకోసం చూస్తోంది."

సాల్కిన్ ఏడుపు ఆగింది. గుండెనిండా ఊపిరి తీసుకుంది. "హమ్మయ్య," అంది. గదిలో అందరూ విన్నారు.

"పోయింది మీ వదిన," అన్నాడు మూసా తాత. "బురుల్."

ఆడవాళ్లెవరూ తల ఎత్తలేదు. ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ ఆ పిల్లను కన్నదెవరో తెలుసు. అయినా వదిన అనే అన్నారు, ఇంకేమనాలో ఎవరికీ తెలియలేదు. సాల్కిన్ ఏడవలేదు. తాను అన్న మాట తన చెవుల్లో గింగురుమంటోంది. కన్నతల్లి చావుకబురు వినే ముందు ఆమె నోట వచ్చిన ఆఖరి మాట, హమ్మయ్య. ఆ ఒక్క మాటకి నన్ను నేను ఈ జన్మలో క్షమించుకోలేనని తర్వాత తమ్తాకి రాసింది.

ఇంటికి నడిపించుకుని వెళ్లారు. చావింట్లో ఆడవాళ్లు గోడవైపు తిరిగి కూర్చుని, పోయినవాళ్లను పేరుపేరునా పిలుస్తూ రాగం తీసి ఏడుస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ ఒకసారి కూర్చుంటారు. కూతుళ్లు ముందు వరస, మిగతావాళ్లు వెనక వరస. ఉల్కాన్ తన పక్కన, ముందు వరసలో చోటు చూపించింది. అందరూ సాల్కిన్ మొదటి పిలుపు కోసం ఆగారు. ట్రాములో వెయ్యిసార్లు పలికిన మాట, నలుగురు ప్రొఫెసర్ల ముందు చెప్పిన మాట. నోరు తెరిచింది. పక్కన ఉల్కాన్ చెయ్యి తన చేతిలో ఉంది. ఎండుటాకులాంటి చెయ్యి.

"వదినా," అని వచ్చింది. "నా వదినా."

ఆడవాళ్లందరూ గొల్లుమన్నారు.

మూడు రోజులు ఉల్కాన్ ఆమెతో సరిగా మాట్లాడలేదు. నాలుగోరోజు పొద్దున టీలయ్యాక, మగపిల్లలు బయటికి వెళ్లాక, "ఇలా కూర్చో," అంది. "ఇది చెప్పకుండా నేను చావలేను."

సాల్కిన్ కూర్చుంది.

"చివరి రోజుల్లో పక్కన నేనే ఉన్నాను. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, నేనే కడిగాను, నేనే తినిపించాను. పోయే ముందురోజు మధ్యాహ్నం రెండు చెంచాల గంజి తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు కిటికీకేసి చూసి నీ పేరు పిలిచింది. సాల్కిన్ అంది. చక్కగా, స్పష్టంగా. మళ్లీ ఒకసారి అంది. ఆ పేరు ఆమె నోట ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు." ముసలామె ఆగింది. "నా నోటికి అలవాటమ్మా. ఇరవై మూడేళ్ల అలవాటు. 'ఏమే కోడలా, పేరు పెట్టి పిలుస్తున్నావేం' అన్నాను. కోపంగా కాదు. నీమీద ఒట్టు. గంజి తాగిందన్న సంబరంలో వేళాకోళానికి అన్నాను."

"ఏమంది?"

"పెదాలు బిగించేసింది. 'తప్పయింది అత్తమ్మా' అంది. నేను కాళ్లావేళ్లా పడ్డాను. పిలువు తల్లీ, ఎన్నిసార్లయినా పిలుచుకో, నీ బిడ్డే అన్నాను. తల అడ్డంగా ఊపింది. మళ్లీ నోరు తెరవలేదు. ఆ తప్పయింది అన్నదే ఆఖరి మాట."

సాల్కిన్‌కి కోపం రాలేదు. వస్తే బావుండేది. ఎవరిమీద రావాలి. పేరు పలకొద్దన్నవాళ్ల మీదా, పలకనిదాని మీదా, ఎదురుగా చెబుతానని వాయిదా వేసిన తనమీదా. సాల్కిన్ ముసలామె తలను ఒళ్లోకి తీసుకుని ఆ జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

"ఇకమీదట నన్ను అమ్మా అనకు," అంది ఉల్కాన్.

"మరేమనను?"

"నాయనమ్మా అను. అదే కదా నేను."

"నాకు రాదు."

"రాకపోతే ఏమీ అనకు. ఆ పిలుపు ఆమెది. ఇరవై రెండేళ్లు నేను తిన్నాను. ఇంక నాకు గొంతు దిగదు."

"ఆమె లేదు కదమ్మా," అంది సాల్కిన్. "నువ్వు కూడా పలకకపోతే ఇంక నేనెవర్ని పిలుచుకోను?"

ఆరోజు మొదలు ఉల్కాన్ అమ్మా అంటే పలకడం మానేసింది. పట్టుదల గల మనిషి. అన్నం దగ్గర సాల్కిన్ అమ్మా అంటే చెంచా ఆగేది, తల మాత్రం లేచేది కాదు. వాకిట్లోంచి పిలిస్తే గడపలోకి వచ్చి నిలబడేది, ఎవరో దారినపోయేవాళ్లు పిలిచినట్టు అటూఇటూ చూసి లోపలికి వెళ్లిపోయేది. ఊళ్లో ఆడవాళ్లు నచ్చజెప్పారు. మూసా తాత కూడా వచ్చి చెప్పాడు. "కోడలికి నేను చేసుకోగలిగింది ఇదొక్కటే, దీంట్లో వేలు పెట్టకండి," అంది. తాను శిక్ష వేసుకుంటున్నాననుకుంది. ఆ శిక్ష ఎవరి నెత్తిన పడుతోందో ఆమెకు తోచలేదు, మాకెవరికీ చెప్పడం చేతకాలేదు.

బురుల్ పోయిన నలభయ్యో రోజు ఊరందరికీ భోజనాలు పెట్టారు. ఆగస్టు చివర్లో సాల్కిన్ పై చదువుకి మళ్లీ దెబ్రెసెన్ బయల్దేరింది. ఊరి జనమంతా వాకిట్లోకి వచ్చారు. మూసా తాత అరచేతులు పైకెత్తి దీవించాడు. ఎసెన్ పెట్టెలు కారులో పెట్టాడు. ఉల్కాన్ గడప పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది, తెల్లగుడ్డ తలకి బిగించి కట్టుకుని.

సాల్కిన్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"వెళ్లొస్తానమ్మా."

ముసలామె ఆమె నుదురు ముద్దుపెట్టుకుంది.

"అమ్మా."

ఉల్కాన్ కళ్లనుంచి నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చాయి. పెదాలు కదిలాయి. ఆమె రెండు చేతులతో నోరు మూసేసుకుంది.

సాల్కిన్ లేచి కారెక్కింది. ఎసెన్ కారు తీశాడు. ఊరు దాటేదాకా ఆమె కిటికీ అద్దం దించే ఉంచింది, వెనకనుంచి ఎవరైనా పలుకుతారేమోనని.